హేడ్రియన్ గోడకి సైకిల్ మీద వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్తే అండి. మేం న్యూకాజిల్‌లో ఉంటాం. మే నెలలో మా తమ్ముడు వస్తున్నాడు, వాడికి రోమన్ కోటలంటే పిచ్చి. ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు క్రీ.శ. 122లో కట్టడం మొదలుపెట్టిన హేడ్రియన్ గోడ చూపించాలని ప్లాన్. గోడ వెంట కాలిబాట మొత్తం 135 కిలోమీటర్లు, అంత సీన్ మాకు లేదు. హాల్ట్‌విజిల్ దాకా రైలు, అక్కడి నుంచి సైకిల్ మీద విండోలాండా అనే రోమన్ కోట, తర్వాత గోడ దగ్గరున్న స్టీల్ రిగ్ నుంచి హౌస్‌స్టెడ్స్ కోట దాకా నడక అనుకుంటున్నాం.

గోడ వెంట కాలిబాట మీద సైకిళ్లు కుదరవనీ, 72వ నంబరు సైకిల్ రూటు కాస్త దక్షిణంగా పోతుందనీ తెలుసు. నా టెన్షనల్లా హాల్ట్‌విజిల్ దాటాక వచ్చే మిట్ట గురించే. మా ఆవిడకి సైకిల్ అలవాటు తక్కువ. దిగి తోసుకుంటూ పోవాల్సిందేనా? పైగా రైల్లో రెండు సైకిళ్లే ఎక్కించనిస్తారట, మేమేమో ముగ్గురం. అక్కడే అద్దెకి దొరుకుతాయా, లేక సైకిళ్ల ఊసే మానేసి గోడ దగ్గరి చోట్లకి తిరిగే ఏడీ122 బస్సు ఎక్కేయడం మేలా?

ఇంకోటి, ఆ నడక దారిలో వచ్చే సికమోర్ గ్యాప్ అనే పల్లంలో (అక్కడి ప్రసిద్ధ సికమోర్ చెట్టుని 2023లో నరికేశారు, పాపం) రాతిమెట్లు వాన పడితే బాగా జారతాయా? మామూలు స్పోర్ట్స్ షూస్ సరిపోతాయా?