విశాఖ తీరంలో రాళ్ళ మీద నడక: ఎక్కడ, ఎప్పుడు దిగితే మంచిది?

అందరికీ నమస్కారం. పౌర్ణమి దగ్గర పడే ఆదివారం, స్నేహితులం కొందరం విశాఖ తీరంలో జీవాలు చూస్తూ నడవాలనుకుంటున్నాం. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు మామూలు కంటే బాగా వెనక్కి తగ్గుతాయి కదా, అందుకే ఆ రోజు.

పోయినసారి తెన్నేటి పార్కు దిగువన రాళ్ళ మధ్య గుంటలో ఒక సీ అనిమోన్ (రాయికి అంటుకుని, పువ్వులా తీగలు చాచి ఉండే సముద్ర జీవి) కనిపించింది. పక్కనుంచి ఖాళీ శంఖంలో దూరిన చిన్న పీత పాకుతూ వచ్చి తగలగానే, తీగలన్నీ లోపలికి ముడుచుకుంది. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు!

ఈసారి ఏడేళ్ళ బాబు కూడా వస్తున్నాడు, అదే కాస్త టెన్షన్. పాటు టైముకి, అంటే నీళ్ళు బాగా తగ్గే వేళకి, ఎంత ముందు దిగితే, పోటు తిరిగేలోపు నిదానంగా వెనక్కి రావచ్చు? నాచు మీద జారకుండా ఎలాంటి చెప్పులు వేసుకోవాలి? పిల్లలతో వెళ్ళడానికి తెన్నేటి పార్కు వైపు మంచిదా, రుషికొండ వైపా?

ఇంకొకటి. జనవరి నుంచి మార్చి మధ్య ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చనిపోయి ఒడ్డుకు కొట్టుకొస్తుంటాయి. అలాంటిది కనబడితే అటవీ శాఖలో ఎవరికి చెప్పాలి? ఫొటోతో పాటు ఏ వివరాలు రాసుకుంటే వాళ్ళకి పనికొస్తాయి? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.