ఆంధ్రసురత్రాణ: దేవతల రక్షకుడా, సుల్తానా?

మా మేనల్లుడు గ్రూప్-2కి చదువుతున్నాడు. అశోక్‌నగర్‌లో ఏదో కోచింగ్ సెంటర్ వాళ్లిచ్చిన నోట్సు మొన్న ఆదివారం మా ఇంట్లో మర్చిపోయి వెళ్లాడు. టీ తాగుతూ తిరగేస్తుంటే, కాకతీయుల తర్వాత ఓరుగల్లు ఏలిన ముసునూరి కాపయ నాయకుడి బిరుదుల దగ్గర చూపు ఆగింది. "ఆంధ్రసురత్రాణ: ఆంధ్రదేశంలో దేవతలను రక్షించినవాడు" అని ఉంది, కింద ఆకుపచ్చ హైలైటర్ గీత కూడా.

వ్యాకరణం ప్రకారం తప్పు పట్టలేం. సుర అంటే దేవత, త్రాణం అంటే రక్షణ. "పరిత్రాణాయ సాధూనాం"లో ఉన్నది అదే. కానీ ఆ మాట పుట్టిల్లు సంస్కృతం కాదు. అది మన సుల్తానే.

అరబీలో సుల్తాన్ అంటే మొదట అధికారం, తర్వాతే అధికారం ఉన్నవాడు. ఆ మాట శాసనాలు రాసే పండితుల చేతికి వచ్చేసరికి చెవికి దగ్గరగా వినిపించే రెండు సంస్కృత పదాలు అతికి సురత్రాణ అయింది. అమీర్ హమ్మీర అయినట్టే. ఢిల్లీ సుల్తానులను కూడా సంస్కృత శాసనాల్లో ఇదే మాటతో పిలిచారు. వాళ్లను దేవతల రక్షకులని పొగడాలని ఏ పండితుడూ అనుకుని ఉండడు కదా! పాత తెలుగులో సురతాని అనే రూపం కూడా ఉంది. (మన ఇళ్లలో "జ్వరం తగ్గింది గానీ ఒంట్లో త్రాణ లేదు" అంటాం. అరబీ అధికారానికి ఈ త్రాణకు చుట్టరికం కలపకండి, అది ఉత్త కాకతాళీయం.)

ఇప్పుడు బిరుదు మళ్లీ చదవండి. ఆంధ్రదేశపు సుల్తాన్. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఢిల్లీవాళ్లు దానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. 1336 ప్రాంతంలో కాపయ దాన్ని తిరిగి పట్టుకుని, ఇక్కడ సుల్తాన్ ఎవరంటే నేనే అన్నాడు. విజయనగరం వాళ్లదీ అదే దారి. మొదటి బుక్కరాయల నుంచి కృష్ణదేవరాయల దాకా "హిందూరాయ సురత్రాణ" వాళ్ల శాసనాల్లో కనిపిస్తూనే ఉంటుంది. ఆ రాయల పేరు పెట్టుకుని 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఇవాళ ఎక్కడుంది? సుల్తాన్ బజార్‌లో. కోఠీలో బస్సు దిగి అటు నడిచినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

మరి ఈ మాట మీద దేవతలు ఇంత గట్టిగా ఎందుకు కూర్చున్నారు? ఇక్కడ మల్లంపల్లి సోమశేఖర శర్మగారి దగ్గరికి రావాలి. చెన్నపట్నంలో కొమర్రాజు లక్ష్మణరావుగారి విజ్ఞానసర్వస్వంలో పనిచేసిన మనిషి. ముసునూరివాళ్ల చరిత్రను 1945లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చారు, పేరే ఆంధ్ర చరిత్రలో మరుగునపడ్డ అధ్యాయం అన్న అర్థంలో ఉంటుంది. కాపయకు ముందు ముసునూరివాళ్లను నడిపిన ప్రోలయ నాయకుడి విలస శాసనాన్ని నేలటూరి వెంకటరమణయ్యగారితో కలిసి పరిష్కరించి ప్రకటించిందీ ఆయనే. ఆ పని లేకపోతే ఇవాళ మనకు కాపయ పేరే తెలిసేది కాదు. ఆ రుణం మాత్రం కాదనలేం.

అయితే శర్మగారు ఆ చరిత్రను చదివిన కాలం ఎలాంటిది? 1906లో ఇదే హైదరాబాదులో మొదలైన పుస్తక ప్రచురణ సంస్థ విజ్ఞానచంద్రికా మండలి 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం వేసింది. 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ, తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలన్న ఉద్యమం. ఒకప్పుడు మనమంతా ఒక్కటిగా నిలబడ్డాం అని చెప్పే గతం ఆ ఉద్యమానికి కావాలి, ముసునూరివాళ్ల కథ అచ్చంగా ఆ అచ్చులో పోసినట్టు దొరికింది. కాపయ కింద డెబ్బై అయిదుగురు నాయకులు పనిచేశారన్న మాట శర్మగారి తరం చేతిలో జాతి విముక్తి సమరమైంది. ఆ లెక్క వచ్చింది రెడ్డిరాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం నుంచి. దాని తేదీ 1423. కాపయ పోయిన అర్ధశతాబ్దం తర్వాత!

ఆ కాపయే ఢిల్లీ మీద తిరగబడ్డ దక్కను అమీర్లకు సైన్యం పంపాడు. వాళ్లే బహమనీ రాజ్యం పెట్టాక 1364లో గోల్కొండ వాళ్లకు వదులుకున్నాడు. చివరికి 1368 ప్రాంతంలో రేచర్ల అనపోత నాయకుడితో యుద్ధంలో పోయాడు. అంటే చంపింది సాటి తెలుగు నాయకుడే. ఇవేవీ దాచిన విషయాలు కావు. విముక్తి సమరం కథలో వీటికీ, బిరుదులోని సుల్తాన్‌కీ చోటు ఇరుకు, అంతే.

ఈ మాట చెబితే ఒకరు "మరి విలస శాసనంలో తురకల దౌర్జన్యాల వర్ణన అబద్ధమా?" అని అడిగారు. అబద్ధమని నేను అనలేదండీ. బ్రాహ్మణులను చంపడం, అగ్రహారాలు లాక్కోవడం, గుళ్లు కూల్చడం, అన్నీ ఘాటుగానే ఉన్నాయి. కానీ అది ఒక పండితుడికి అగ్రహారం దానమిస్తూ వేయించిన శాసనం. అగ్రహారాలు పోయాయన్న బాధ అందులో ముందుండడం సహజం. ఆ తిట్లూ, ఈ సురత్రాణ బిరుదూ ఒకే ఇంటివి. శత్రువును తిడుతూనే అతని హోదా పేరు తగిలించుకోవడంలో వాళ్లకు వైరుధ్యం కనిపించలేదు. మనకే ఇబ్బందిగా ఉంది.

ఇంకొకరు "శ్లేష కూడా కావచ్చుగా, రెండర్థాలూ ఉద్దేశించి ఉండొచ్చు" అన్నారు. ఒప్పుకుంటాను. శాసన కవులు ఊరికే ఉండే రకం కాదు. కానీ శ్లేష అన్నాక రెండో అర్థం కూడా నోట్సులో ఉండాలి కదా, ఒకటి కొట్టేసి ఇంకొకదానికి ఆకుపచ్చ గీత పెడితే ఎట్లా?

నిన్న రాత్రి ఇదంతా మావాడికి ఫోన్‌లో అరగంట చెప్పాను. ఓపిగ్గా విని, "మామయ్యా, ఆప్షన్లలో రెండూ ఇస్తే ఏది పెట్టాలి? నెగటివ్ మార్కులుంటే టెన్షన్" అన్నాడు. నోట్సు తీసుకోవడానికి రేపు వస్తానన్నాడు. మార్జిన్‌లో పెన్సిల్‌తో "సుల్తాన్" అని రాసి పెట్టాను.