నేటివ్ టైటిల్‌కి రుజువు చూపాల్సింది ఎవరు?

మెల్‌బోర్న్_రవి:
ఆస్ట్రేలియాలో 1993 నాటి నేటివ్ టైటిల్ (పూర్వీకుల ఆచారాల నుంచి వచ్చే భూమి హక్కు) చట్టం కింద హక్కు అడిగే అబోరిజినల్ ప్రజలు, అంటే అక్కడి ఆదివాసులు, బ్రిటిష్ వాళ్ళు రాకముందు నుంచి ఇప్పటిదాకా ఆ నేలతో తమ ఆచారాలూ సంబంధమూ తెగలేదని కోర్టులో నిరూపించాలి. ఇది అన్యాయం అంటున్నారు. హక్కు ఉందనేవాళ్ళే కదా రుజువు చూపాలి? పైగా ఇక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో కొందరికి ఈ క్లెయిముల టెన్షన్ ఒకటి.

షెపర్టన్_సుజాత:
రవి గారూ, ఇంటి టెన్షన్ వదిలేయండి. ఫ్రీహోల్డ్‌గా (పూర్తి సొంత హక్కుతో) ఇచ్చేసిన భూమి మీద నేటివ్ టైటిల్ ఉండదని 1998లోనే హైకోర్టు తేల్చేసింది, ఇక్కడ అదే అన్నిటికన్నా పై కోర్టు.

ఇక రుజువు సంగతి. నేనుండేది యోర్టా యోర్టా అనే అబోరిజినల్ తెగ నేల మీద. 1881లో వాళ్ళ పెద్దలు, మా భూమంతా ప్రభుత్వమూ తెల్లవాళ్ళూ తీసేసుకున్నారు, బతకడానికి కొంత నేల ఇవ్వండి అని న్యూ సౌత్ వేల్స్ గవర్నర్‌కి అర్జీ పెట్టుకున్నారు. వాళ్ళు నేటివ్ టైటిల్ కోసం వేసిన కేసులో 1998లో జడ్జి ఆ అర్జీనే సాక్ష్యంగా తీసుకుని, అప్పటికే వాళ్ళ సంప్రదాయ జీవితం పోయిందని తీర్పు రాశాడు! 1840లలో అదే నేల మీద గొర్రెల మంద పెట్టిన ఎడ్వర్డ్ కర్ రాతలకి ఇచ్చిన విలువ ఆ తెగ పెద్దల నోటి సాక్ష్యానికి ఇవ్వలేదు. 2002లో హైకోర్టూ ఆ అప్పీలు కొట్టేసింది. భూములు తీసుకుని, క్రైస్తవ మిషన్ల శిబిరాల్లో పెట్టి, పిల్లల్ని లాక్కుపోయిన ప్రభుత్వాలే ఇప్పుడు సంబంధం తెగలేదని చూపించమంటే ఎలా? తెగిందని ప్రభుత్వమే నిరూపించాలి.

పర్రమట్టా_కిరణ్:
ఆ కేసు ఘోరమే, కాదనను. కానీ నేటివ్ టైటిల్ ఒక్కటే దారి కాదండీ. న్యూ సౌత్ వేల్స్‌లో 1983 చట్టం కింద ల్యాండ్ కౌన్సిల్ (అబోరిజినల్ ప్రజల స్థానిక సంఘం) క్లెయిమ్ వేస్తే తెగని సంబంధం చూపక్కర్లేదు, ప్రభుత్వ భూమి వాడకంలో లేదనీ, ముఖ్యమైన ప్రజావసరానికి అక్కర్లేదనీ తేలితే చాలు, మామూలుగా ఫ్రీహోల్డే వస్తుంది. చిక్కెక్కడంటే, ఆ ప్రాంతంలో ఉండే అబోరిజినల్ వ్యక్తి ఎవరైనా సభ్యత్వం అడగొచ్చు, ఆ నేల వారసులే కానక్కర్లేదు. కౌన్సిల్ భూమి అమ్ముతామంటే పాత కుటుంబాలు అడ్డుపడ్డ సందర్భాలున్నాయి.

షెపర్టన్_సుజాత:
ఆ గొడవలు వాళ్ళలో వాళ్ళు తేల్చుకుంటారు కిరణ్ గారూ. అక్కడ వేల క్లెయిములు ఏళ్ళ తరబడి ప్రభుత్వం దగ్గర నానుతున్నాయి, ముందు దాని గురించి మాట్లాడాలి. ఇంకోటి, నేటివ్ టైటిల్ గెలిచినా గని వద్దనే అధికారం రాదు, బేరమాడే హక్కే వస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో పూటు కుంటి కుర్రామా, పినికురా ప్రజలకి టైటిల్ ఉన్నా, 46,000 ఏళ్ళ నాటి మనుషుల ఆనవాళ్ళున్న జూకాన్ గుహల్ని 2020 మేలో రియో టింటో అనే గనుల కంపెనీ పేల్చేసింది, అదీ రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో. నార్తర్న్ టెరిటరీలో 1976 చట్టం కింద మాత్రం సంప్రదాయ యజమానులు వద్దంటే ఖనిజాల అన్వేషణ దాదాపు ఆగిపోయినట్టే. ఆ అధికారం మిగతా రాష్ట్రాల్లో ఎందుకు ఇవ్వకూడదో చెప్పండి.