వరంగల్‌లో ఉండి ప్రపంచ సినిమా పరిశ్రమను ఎట్లా అధ్యయనం చేయాలి?

హన్మకొండ విద్యార్థి:
నేను హన్మకొండలో పీజీ చదువుతున్నాను. సినిమాను ప్రపంచవ్యాప్త పరిశ్రమగానూ ప్రజల సాంస్కృతిక అనుభవంగానూ పరిశీలిస్తూ ఒక పరిశోధన వ్యాసం రాయాలనుకుంటున్నాను. నాకు దొరికిన పుస్తకాలన్నీ హాలీవుడ్ స్టూడియోల చుట్టే తిరుగుతున్నాయి. మన ప్రాంతం నుంచి మొదలుపెట్టే దారి ఏదైనా ఉంటే పెద్దలు చెప్పగలరు.

పాత డిస్ట్రిబ్యూషన్ ఉద్యోగి:
వ్యాపారం వైపు నుంచి మొదలుపెట్టండి. నిజాం పాలన 1948లోనే ముగిసినా, తెలుగు సినిమా లెక్కల్లో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ నేటికీ ‘నైజాం ఏరియా’ కిందికే వస్తాయి. ఆ ఏరియా హక్కులను డిస్ట్రిబ్యూటర్ కొనేస్తే, వసూళ్లు పడిపోయినప్పుడు నష్టం అతనే భరించాలి. అడ్వాన్సు పద్ధతిలో తీసుకుంటే తన కమీషన్ పట్టుకొని, తక్కువపడిన మొత్తాన్ని నిర్మాతను అడగవచ్చు. అమెరికా వంటి దేశాల హక్కులు కూడా ‘ఓవర్సీస్’ పేరుతో ఇట్లాగే అమ్ముడుపోతాయి కనుక, హన్మకొండ థియేటరూ డల్లాస్ థియేటరూ ఒకే నిర్మాత ఖాతాలోకి వస్తాయి. ఆ ఖాతాను మీకెవరూ చూపించరనుకోండి. థియేటర్ మేనేజర్లు మాత్రం అడిగితే చాలా చెబుతారు.

కరీంనగర్ అధ్యాపకురాలు:
పై మాటతో ఏకీభవిస్తాను గానీ, లెక్కల దగ్గరే ఆగితే అనుభవం అన్న సగభాగం చేజారిపోతుంది. 2022లో విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ను తీసుకోండి. అందులోని ‘నాటు నాటు’ పాటను 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో చిత్రీకరించారు; 2023లో దానికి ఆస్కార్ వచ్చింది; జపాన్‌లోనూ ఆ సినిమాకు విశేష ఆదరణ లభించింది. కానీ అందులోని ఒక కథానాయకుడికి పేరిచ్చిన కొమురం భీమ్ ఆసిఫాబాద్ ప్రాంతపు గోండు నాయకుడు, నిజాం పాలనను ఎదిరించి 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలర్పించినవాడు. కథ కల్పితమని సినిమావారు ముందే ప్రకటించినప్పటికీ, 2020లో వచ్చిన టీజర్‌లో భీమ్ పాత్ర ముస్లింలు ధరించే టోపీతో కనిపించినందుకు ఆదివాసీ సంఘాలు అభ్యంతరం తెలిపాయి. టోక్యోలో కేవలం వీరగాథగా చూసినదాన్ని జోడేఘాట్ చుట్టుపక్కల జనం తమవాడి చరిత్రతో పోల్చి చూస్తారు. నన్నడిగితే మీ వ్యాసానికి ఈ తేడాయే అసలు విషయం.

హన్మకొండ విద్యార్థి:
ధన్యవాదాలు మేడమ్. అయితే ఆసిఫాబాద్ వెళ్లి ప్రేక్షకులను ఏమని అడగాలి?

కరీంనగర్ అధ్యాపకురాలు:
సినిమా నచ్చిందా అని మొదలుపెట్టకండి. థియేటర్‌లో చూశారా, టీవీలోనా, ఫోన్‌లోనా, ఎవరితో కలిసి చూశారు, భీమ్ గురించి అంతకుముందు ఎవరి నోట విన్నారు అని అడగండి. గోండి మాట్లాడేవారిని వెంట తీసుకెళ్లండి. పెద్దలు తమ భాషలో చెప్పేది తెలుగులో చెప్పేదానికన్నా విస్తారంగా ఉంటుంది.

పాత డిస్ట్రిబ్యూషన్ ఉద్యోగి:
ఇంకొక్క మాట. ఆ సినిమా హిందీ రూపం 2022 మేలో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాకే పాశ్చాత్య దేశాల్లో చాలామందికి చేరింది. కాబట్టి ఏ దేశంవారు ఏ భాషలో చూశారో కూడా నమోదు చేసుకోండి.