గ్వాటెమాలా ట్రిప్: ముందు అకతెనాంగో ఎక్కాలా, ముందు అతిత్లాన్ సరస్సుకి పోవాలా?

డల్లాస్ ఐదుగురం

అందరికీ నమస్తే. మేం ఐదుగురం వరంగల్‌లో ఇంజినీరింగ్ కలిసి చదువుకున్నాం, నలుగురం ఇప్పుడు డల్లాస్ చుట్టుపక్కలే ఉంటున్నాం, ఒకడు టొరంటో నుంచి వస్తాడు. పదేళ్లకి అందరికీ ఒకేసారి సెలవు కుదిరింది, జనవరిలో 8 రోజులు మధ్య అమెరికాలోని గ్వాటెమాలా పోదామనుకుంటున్నాం. అకతెనాంగో అనే అగ్నిపర్వతం ఎక్కి రాత్రి అక్కడే పడుకుని పక్కనున్న ఫ్వేగో అగ్నిపర్వతం నిప్పులు కక్కుతుంటే చూడాలని నా కోరిక, మిగతా వాళ్లకేమో అతిత్లాన్ సరస్సు పక్కన ఏదో ఊళ్లో ఏ పనీ పెట్టుకోకుండా కూర్చోవాలని. రెండూ చేద్దామని తేలింది గానీ ఏది ముందు అన్న దగ్గర ఆగిపోయాం. ముందు సరస్సు దగ్గరుంటే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది అంటాడు ఒకడు.

ఇంకోటి, మాలో ఒకడికి మోకాలి ఆపరేషన్ అయి ఏడాదిన్నర, బాగానే నడుస్తాడు గానీ దిగేటప్పుడు నొప్పి వస్తుంది. వాణ్ణి కింద వదిలేసి మేం నలుగురం పోవడానికి నాకు మనసొప్పట్లేదు. ఇద్దరు శాకాహారులు కూడా ఉన్నారు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

బూడిదదారి

మేం పోయిన ఫిబ్రవరిలో వెళ్లొచ్చాం. ముందు కొండ, తర్వాతే సరస్సు. ఎందుకంటే కొండ ఎక్కేవాళ్లు ముందు ఉండే ఆంటిగ్వా ఊరు 1,530 మీటర్ల ఎత్తులో ఉంది, సరస్సు 1,560 దగ్గర, రెండూ ఒకటే, సరస్సు దగ్గర పడుకున్నందుకు ఎత్తు ఏమీ కొత్తగా అలవాటవదు. మేం చేసింది చెప్తా, రెండు రాత్రులు ఆంటిగ్వాలో, మధ్యలో ఒకరోజు పకాయా అనే ఇంకో అగ్నిపర్వతం (2,552 మీటర్లు, చిన్నది), ఆ తర్వాత అకతెనాంగో, చివర నాలుగు రోజులు సరస్సు. కాళ్లు పట్టేసి ఉంటాయి కదా, ఆ నాలుగు రోజులు నిజంగా అవసరం అనిపించింది.

అకతెనాంగో తేలిక కాదు. లా సొలెదాద్ అనే ఊరి దగ్గర దాదాపు 2,400 మీటర్లలో మొదలుపెడితే క్యాంపు 3,600 దగ్గర, శిఖరం 3,976. క్యాంపుకి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. మొదటి గంటే అన్నిటికన్నా కష్టం, మొక్కజొన్న చేల మధ్య వదులు బూడిద, అడుగు పైకి వేస్తే అర అడుగు వెనక్కి జారుతుంది. రాత్రి గడ్డకట్టే చలి. మేం బుక్ చేసుకున్నవాళ్లు ఇచ్చిన స్లీపింగ్ బ్యాగుల్లో రెండింటికి జిప్పు లేదు, అందుకే బయల్దేరేముందే తెరిచి చూసుకోండి.

కానీ ఆ రాత్రి ఉంది చూశారూ, ముందు మంట లేస్తుంది, కొన్ని సెకన్లకి శబ్దం వచ్చి గుండెలో తగులుతుంది, ఎర్రటి రాళ్లు వాలు మీద దొర్లుకుంటూ కింద దాకా పోతాయి. మేం ఆరుగురం దుప్పట్లు కప్పుకుని పొద్దుపోయేదాకా అలాగే కూర్చున్నాం, ఎవరూ ఫోన్ తీయలేదు. తెల్లారగట్ల శిఖరానికి బయల్దేరితే మాలో ఒకతనికి తలనొప్పి, వాంతి, గైడు వెంటనే కిందికి తీసుకుపోయాడు, అదే కరెక్టు, అలాంటప్పుడు పంతం పట్టకూడదు.

క్యాంపు నుంచి ఫ్వేగో గట్టు మీదికి అదనంగా తీసుకెళ్తాం అంటారు. నేనైతే వద్దంటా. 2018 జూన్ 3న ఆ కొండ పేలి శాన్ మిగెల్ లోస్ లోతెస్ అనే ఊరంతా వేడి బూడిద కింద పోయింది, వందల మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. 2025లో కూడా చుట్టుపక్కల ఊళ్లని ఖాళీ చేయించారు. బయల్దేరే ముందు అగ్నిపర్వతాల్ని గమనించే అక్కడి ప్రభుత్వ సంస్థ ఇన్సివుమె ఇచ్చే బులెటిన్ చూసుకోండి.

భువనగిరి అమ్మాయి

మోకాలి గురించి నేను చెప్తానండీ, మా స్నేహితురాలికీ లిగమెంట్ సర్జరీ అయింది. ఎక్కడం కాదు, దిగడమే సమస్య, ఆ బూడిదలో మడమలు దిగబడి ప్రతి అడుగుకీ కుదుపు మోకాలికే తగులుతుంది. అందుకని ఐదుగురూ కలిసి చేసేది పకాయా పెట్టుకోండి, అక్కడ మొదట్లోనే గుర్రాలుంటాయి, ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా దొరుకుతాయి. పైన వేడి రాళ్ల మీద మార్ష్‌మెలోలు కాల్చి ఇస్తారు, ఆ మెత్తటి మిఠాయిల్లో మామూలుగా జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, మీ శాకాహారులకి చెప్పండి. తిండికి పెద్ద ఇబ్బంది లేదు, నల్ల చిక్కుడు గింజలు, అవకాడో, వేయించిన అరటిపండు, చేత్తో తట్టిన మొక్కజొన్న రొట్టెలు, ఆ తట్టే చప్పుడు వింటే మా ఊళ్లో జొన్నరొట్టెలు గుర్తొచ్చాయి. గింజల్లో ఒక్కోసారి పంది కొవ్వు వేస్తారు, "సిన్ మాంతెకా" (కొవ్వు వేయకుండా) అని అడగండి.

సరస్సు దగ్గర శాన్ హువాన్ అనే ఊళ్లో ఉండండి, పక్క ఊరు శాన్ పెడ్రోలో రాత్రిళ్లు గోల ఎక్కువ. అక్కడి ఆడవాళ్లు చెట్ల రంగులతో నూలు అద్దుతారు, నేయకముందే ముడులు కట్టి రంగులో ముంచే పద్ధతి కూడా ఆ దేశంలో ఉంది, హాస్పే అంటారు, అచ్చం మన పోచంపల్లి పనే. నేను ఒక మగ్గం దగ్గర గంటసేపు కూర్చుండిపోయాను. ఊరి నుంచి ఊరికి పడవలే, లాంచా అంటారు, మన లాంచీనే అనుకోండి, కాకపోతే చిన్నది. మధ్యాహ్నం అయ్యాక షోకోమిల్ అనే గాలి లేస్తుంది, పడవ ఎగిరెగిరి పడుతుంది, ప్రయాణాలు పొద్దున్నే పెట్టుకోండి. ఆ సరస్సే ఓ పాత అగ్నిపర్వతం పేలి కూలిన గుంట, 300 మీటర్లు దాటిన లోతు, చుట్టూ మళ్లీ మూడు అగ్నిపర్వతాలు, ఒడ్డున ఊరికే కూర్చున్నా చూడ్డానికి అదే చాలు.

స్టాంపింగ్ బాధితుడు

డల్లాస్ వాళ్లలో ఎవరైనా హెచ్‌వన్‌బీ (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉంటే పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు డేట్ ఇవాళే చూసుకోండి. స్టాంపు అయిపోయినా కెనడా, మెక్సికోలకి 30 రోజుల్లోపు వెళ్లి పాత స్టాంపుతోనే తిరిగి రావడానికి ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ అనే సదుపాయం ఉంది కదా, అది గ్వాటెమాలాకి పనిచేయదు. నాకు తెలిసినతను అక్కడా ఇదే రూల్ అనుకుని టికెట్లు కొనేసి ఆ డబ్బంతా పోగొట్టుకున్నాడు. గ్వాటెమాలా వీసా సంగతి కూడా వాళ్ల కాన్సులేట్‌నే అడగండి, టొరంటో అతనిది వేరే, వీళ్లది వేరే.

డల్లాస్ ఐదుగురం

చాలా చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. ఒకడి స్టాంపు నవంబర్‌లోనే అయిపోతోంది, రేపే స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ స్లాట్లు చూస్తున్నాం. పకాయా ఐదుగురం, అకతెనాంగో నలుగురం. ఈ థ్రెడ్ మోకాలి వాడికి పంపిస్తే, ఆంటిగ్వాలో డాబా మీద నుంచి కూడా ఫ్వేగో కనిపిస్తుందంట, నేను ఇటు నుంచి చూస్తా, మీరు అటు నుంచి చూడండి, ఫోన్ చేస్తే ఎత్తండి అన్నాడు. పైన సిగ్నల్ ఉంటుందా?

బూడిదదారి

క్యాంపు దగ్గర మాకు వచ్చింది. ఆకాశం తేటగా ఉంటే అతనికీ కనిపిస్తుంది. ఫోన్, పవర్‌బ్యాంకు రెండూ స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది.