రోగి గొంతుతో నడిచే పాత కథలు తెలిస్తే చెప్పగలరా?

షార్లట్ పర్కిన్స్ గిల్మన్ రాయగా 1892లో అచ్చయిన కథ ‘ది యెల్లో వాల్‌పేపర్’ చదివినప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. బాలింతను దిగులు కమ్మేస్తే, వైద్యుడైన భర్త ఆమెను కిటికీలకు ఊచలున్న మేడగదిలో ఉంచి రాయడం మాన్పిస్తాడు. అతను వస్తున్న అలికిడి వినగానే ఆమె కాగితాలు దాచేస్తుంది. అక్కడే చాలాసేపు ఆగిపోయాను.

గిల్మన్‌కు 1887లో ఫిలడెల్ఫియా వైద్యుడు వైర్ మిచెల్ ఇలాంటి ‘విశ్రాంతి చికిత్స’ చేశాడు: కదలకుండా మంచం, బలమైన తిండి, మర్దన. ఇక జన్మలో కలం ముట్టవద్దన్నాడని ఆమే తర్వాత రాసింది.

షార్లట్ బ్రాంటీ నవల ‘జేన్ ఎయిర్’లో, పిచ్చిదని భర్త మేడమీద బంధించిన బెర్తాకు అసలు మాటే లేదు. 1900కు ముందు, రోగే తన చికిత్స గురించి చెప్పుకున్న కథలు ఇంకేమైనా చదివారా? గిల్మన్ కథకు తెలుగు అనువాదం ఉంటే అదీ చెప్పండి. కాన్పు తర్వాత మా అక్క ఇలాగే నలిగిపోయింది. తనకు ఇంగ్లీషు రాదు.