పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ జేసన్ లాగ్‌లో ఎర్రర్లు మాత్రమే రావాలంటే ఎలా?

పోస్ట్‌గ్రెస్ 15 నుంచి జేసన్ లాగ్ నేరుగా వస్తోంది కదా, మా సర్వర్లో లాగింగ్ కలెక్టర్ ఆన్ చేసి, లాగ్ డెస్టినేషన్‌లో పాత స్టడ్‌ఎర్ (మామూలు టెక్స్ట్ లాగ్)తో పాటు జేసన్‌లాగ్ కూడా పెట్టి రీస్టార్ట్ చేశాను. ఫైల్ బాగానే వస్తోంది, ఎర్రర్ తీవ్రత, స్టేట్ కోడ్, ఏ క్వెరీ దగ్గర ఆగిందో అన్నీ విడివిడిగా ఉన్నాయి, పది లైన్ల ఎస్‌క్యూఎల్ కూడా ఒకే లైన్లో సర్దుకుంటోంది (పాత లాగ్‌తో అదే పెద్ద తలనొప్పి).

చిక్కల్లా స్లో క్వెరీలతోనే (ఎక్కువ సేపు పట్టే క్వెరీలు), అవి కూడా జేసన్ ఫైల్లోకి వచ్చేస్తున్నాయి. లాగ్ మిన్ మెసేజెస్‌ని (ఏ లెవెల్ నుంచి లాగ్‌లో రాయాలో చెప్పే సెట్టింగ్) ఎర్రర్‌కి మార్చినా అవి ఆగడం లేదు, ఎందుకంటే అవి 'లాగ్' లెవెల్లో వస్తాయి, సర్వర్ లాగ్ వరుసలో అది ఎర్రర్ కన్నా పైన ఉంటుంది, ఎవరికి తట్టిందో ఈ వరుస! అవి మామూలు ఫైల్లోకి, ఎర్రర్లు మాత్రం జేసన్‌లోకి వెళ్లేలా పోస్ట్‌గ్రెస్‌లోనే సెట్ చేయొచ్చా, లేక బయట ఫ్లూయెంట్ బిట్ (లాగ్‌లు సేకరించి పంపే టూల్) లాంటి దాంట్లో వడగట్టుకోవాల్సిందేనా? స్లో క్వెరీ లాగ్ ఆపేయమని మాత్రం చెప్పకండి, మా డెవలపర్లు ఊరుకోరు.